పాలు కాగేలోపు నాలుగు వాక్యాలు

మా ఇంట్లో చెక్కబీరువా అడుగు అరలో తొమ్మిది పాత డైరీలున్నాయి. కొన్ని తిరుమల తిరుపతి దేవస్థానం వారివి, కొన్ని బీమా ఏజెంటు ఏటా తెచ్చి ఇచ్చినవి. దాదాపు అన్నింటిలోనూ జనవరి మొదటి వారం నిండుగా, రెండో వారం సగం సగంగా ఉంటుంది. సంక్రాంతి సెలవులు దాటాక ఒక్క అక్షరం కనిపించదు. వాటి పక్కనే ఆరు పొడవాటి గీతల నోటుపుస్తకాలున్నాయి. 2018 ఆగస్టు 21న మొదలైన ఆ పుస్తకాలలో, కొన్ని ఖాళీలు మినహా, ప్రతి రోజూ ఉంది. రాసింది ఒకే మనిషి. అక్కడ నిలవని అలవాటు ఇక్కడ ఎందుకు నిలిచిందని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. డైరీ మొదలుపెట్టి మానేశామని చెప్పుకునే తోటి ఉపాధ్యాయులు నన్ను తరచూ అడుగుతుంటారు కాబట్టి, నాకు అర్థమైనంతవరకు ఆ కారణాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా నాన్న తెనాలిలో ఒక బట్టల కొట్టులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశారు. 2018 వేసవిలో ఆయన కుడి పాదానికి లేచిన పుండు ఎంతకీ మానకపోవడంతో ఆసుపత్రిలో చేర్చాము. షుగరు అదుపు తప్పి చాలా కాలమైందని అక్కడే తెలిసింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, రోజూ ఉదయం పరగడుపున ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి పరీక్ష చేసి, ఆ అంకెలను ఒక పుస్తకంలో రాసి తెమ్మన్నారు. వరలక్ష్మీ వ్రతానికి మూడు రోజుల ముందు, వీధి చివర దుకాణంలో రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని, స్కేలుతో నాలుగు నిలువు గడులు గీశాను. తేదీ, అంకె, తిన్నది, వివరం అని పైన రాశాను. డైరీ మొదలుపెడుతున్నానన్న ఆలోచన నాకు లేశమైనా లేదు.

మొదటి పన్నెండు రోజులు వివరం గడిలో మందుల పేర్లు తప్ప మరేమీ లేవు. పదమూడో రోజున, అంటే సెప్టెంబరు 2న, ఇలా ఉంది: "పరగడుపున 187. ఇడ్లీ రెండు. రాత్రి కలలో మల్లుగుడ్డ చించిన చప్పుడు వినబడిందన్నారు." బట్టల కొట్లలో పనిచేసినవారికి ఆ చప్పుడు తెలుస్తుంది. గజం బద్దతో కొలిచిన చోట కత్తెరతో అంచుకు చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో ఒక్క లాగు లాగితే, గుడ్డ పోగు వెంట తిన్నగా చిరిగిపోతుంది. మెషీన్‌లో పెట్టిన స్ట్రిప్ అంకె చూపించడానికి పట్టే ఆ కొద్ది క్షణాలలో, వేలి మీద దూది అదిమి పట్టుకుని నాన్న ఆ కల సంగతి చెప్పారు. చేతిలో పెన్ను, ఎదురుగా ఖాళీ గడి ఉన్నాయి కాబట్టి రాశాను. నా మొదటి డైరీ వాక్యం అదేనని ఇప్పుడు అనుకుంటాను. అంతకు ముందు తొమ్మిది జనవరులలో నేను రాసినవి నా సంకల్పాల జాబితాలు.

ఆ తరువాత వివరం గడి మెల్లగా వెడల్పయింది. నవంబరు నాటికి గడులు గీయడం మానేసి, పేజీని అడ్డంగా రెండు భాగాలు చేసి, ఒక్కో భాగం ఒక్కో రోజుకు కేటాయించాను. ఆ రాతల వల్ల వైద్యానికి కూడా మేలు జరిగింది. ఒకసారి డాక్టరుగారు అంకెలను త్వరగా చూసి, వివరాలను మాత్రం ఆగి ఆగి చదివారు. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టాయని ఒకే వారంలో మూడుచోట్ల రాసి ఉంది. ఉదయం అంకెలు మామూలుగానే కనిపిస్తున్నా, నిద్రలో షుగరు పడిపోతూ ఉండవచ్చని చెప్పి ఆయన రాత్రి మందు మోతాదు తగ్గించారు. ఆ చెమటల సంగతి మమ్మల్ని నోటితో అడిగి ఉంటే మేము తప్పకుండా మరచిపోయేవాళ్లం.

అలవాటు నిలవడానికి మొదటి కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. రాయడమనే కొత్త పనిని, ఎలాగూ మానడానికి వీలులేని ఒక పాత పనికి ముడివేయాలి. ఉదయం ఆరు గంటలకు నాన్న వేలికి సూది గుచ్చడం నా ఇష్టాయిష్టాలతో సంబంధం లేని పని. రాత దాని కొంగు పట్టుకుని నడిచింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిపై 12 వారాలపాటు చేసిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. మధ్యాహ్న భోజనంతో పాటు ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం వంటి పనులలో ఒక్కొక్కరు ఒక్కోదానిని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భానికి జతచేసుకున్నారు. ఆ పని ఆలోచించనవసరం లేకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా ఎంత ఎక్కువగా ఉందంటే, ఒకరికి 18 రోజులే చాలగా, మరొకరికి 254 రోజులు కావాలని వారు లెక్కగట్టారు. ఇరవై ఒక్క రోజులలో ఏ అలవాటైనా వస్తుందని మనం తరచూ వినే మాటకు మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన ఒక పుస్తకం. శస్త్రచికిత్స తరువాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని ఆయన గమనించారు. ఆ పరిశీలనలోని 'కనీసం' అనే మాట కాలక్రమంలో జారిపోయింది. ఇరవై రెండో రోజున కూడా డైరీ తెరవడం బరువుగా అనిపించి, ఇది తమ స్వభావానికి సరిపడదని మానేసినవారు నాకు బాగా తెలుసు. వారిలో లోపం ఏమీ లేదు. వారు నమ్మిన గడువు తప్పు.

రెండో కారణాన్ని నాకు నాన్న చిట్టా నేర్పింది. కొట్టు తలుపులు దించాక, రాత్రి తొమ్మిది గంటలకు గల్లాపెట్టె లెక్కచూసి చిట్టా రాయడం ఆయన బాధ్యత. రోజువారీ జమాఖర్చులు జరిగిన వరుసలో చిట్టాలోకి ఎక్కుతాయి. తరువాత తీరికగా, ఎవరి ఖాతా వారికి విడదీసి ఆవర్జాలో రాస్తారు. చిన్నప్పుడు నేను అన్నం కారియరు తీసుకువెళ్లి, ఆయన రాయడం ముగించేదాకా బల్ల మీద కూర్చునేదాన్ని. ముందుగా నిన్నటి నిల్వ, తరువాత జమలు, తరువాత ఖర్చులు, చివర ఈనాటి నిల్వ. రూపాయి తేడా వచ్చినా ఇంటికి వచ్చేవారు కాదు. బంద్ వల్ల కొట్టు తెరవని రోజున మర్నాడు ఏం చేస్తారని నేను ఒకసారి అడిగాను. "తేదీ వేసి, బేరం లేదు అని రాయాలమ్మా. లేకపోతే నిన్నటి నిల్వ ఇవాళ్టికి ఎలా వస్తుంది?" అన్నారు.

నా డైరీకి ఆ పద్ధతినే అన్వయించుకున్నాను. ఏమీ జరగని రోజున తేదీ వేసి "విశేషం లేదు" అని రాస్తాను. ఆరు పుస్తకాలలో ఆ మాట వందకు పైగా చోట్ల ఉంది. అది డైరీ కాదని కొందరు అనవచ్చు కానీ, ఆ రెండు మాటల వల్లనే మర్నాడు పుస్తకం తెరవడం సులభమవుతుందని నా అనుభవం. పైగా "విశేషం లేదు" అని రాసి పెన్ను మూయబోతున్నప్పుడు, తరచుగా ఏదో ఒకటి గుర్తుకు వస్తుంది. బస్సులో పక్క సీటు ఆమె ఒడిలో పెట్టుకున్న తాటి ముంజెల బుట్టో, ఎదురింటి గోడకు కొత్తగా వేసిన రంగో, అలాంటిదే ఏదైనా. ఆ ఒక్క వాక్యం కోసమైనా ముందుగా తేదీ వేసి కూర్చోవాలి.

చిట్టా నుంచి నేను తీసుకున్న మరో నియమం, మనసులోని భావాలకంటే ముందు జరిగినదానిని రాయడం. నా పాత డైరీలు తెరిస్తే "ఈరోజు చాలా దిగులుగా ఉంది", "మనసు బాగాలేదు" వంటి వాక్యాలు పేజీల కొద్దీ కనిపిస్తాయి. ఇప్పుడు చదివితే ఆ దిగులు దేని గురించో నాకే తెలియడం లేదు. నోటుపుస్తకంలో అలా కాదు. "సాయంత్రం కట్టు విప్పినప్పుడు నాన్న గోడవైపు తిరిగి, ఫ్యాను ఆపమన్నారు" అన్న వాక్యం చదివితే ఆ గది, ఆ మందు వాసన, నా చేతులు వణకడం అన్నీ తిరిగి వస్తాయి. దిగులు అన్న మాట అందులో లేకపోయినా దిగులంతా అందులోనే ఉంది.

తెలుగులో ఈ పద్ధతికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాటను మరో భాషలో చెప్పే ఉద్యోగిగా ఉన్న ఆయన, 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆ పదిహేను నెలల ప్రయాణంలో మజిలీ మజిలీకీ రాసుకుంటూ, ఆ రాతలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపుతూ వచ్చారు. ఈ ఊళ్లో నీళ్ల వసతి ఎలా ఉంది, అంగళ్లు ఉన్నాయా, సరుకులు దొరుకుతాయా, దారి రాళ్లదా ఇసుకదా, దిగడానికి చోటు ఉందా అన్నవే ఆయన ముందుగా చూసిన విషయాలు. 1836లో ఆయన మరణించిన తరువాత, 1838లో శ్రీనివాసపిళ్లె దానిని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. ఇవాళ మనం ఆ పుస్తకాన్ని ఇంత ఆసక్తితో చదువుతున్నామంటే, అలసిన సాయంత్రాలలో కూడా ఆయన బావి సంగతి, బాట సంగతి వదలకుండా రాయడం వల్లనే. అందులో నాకు బాగా నచ్చే మరో విషయం, తన రాత కోసం ఎదురుచూసే ఒక మిత్రుడు ఆయనకు ఉండడం. రోజూ రాయడానికి మనసు మొరాయించేవారు, తమకు ఇష్టమైన ఒక మనిషికి చెబుతున్నట్లుగా ఊహించుకుని రాయడం మంచి ఉపాయం. ఆ మనిషికి పుస్తకం చూపించనక్కరలేదు.

భావాలు అసలే రాయకూడదని నేను చెప్పడం లేదు. గుండెలో దాచుకున్న కష్టాన్ని కాగితం మీద పెట్టడం వల్ల మేలు జరుగుతుందని జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో సాండ్రా బీల్‌తో కలిసి చూపించారు. కళాశాల విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమ జీవితంలోని బాధాకరమైన సంఘటన గురించి రాశారు. జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగిన భావాన్నీ కలిపి రాసినవారు ఆ తరువాతి నెలలలో విశ్వవిద్యాలయ ఆరోగ్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే వారి మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఇది తెలియక, కష్టాన్ని రాసిన రాత్రి ఏడుపు వచ్చిందని భయపడి పుస్తకాన్ని మూసేసినవారు ఉంటారు. అది నాలుగు రోజుల పని, నాలుగేళ్లపాటు రోజూ చేసే పని కాదు. నిత్యం రాసే డైరీకి చిట్టా పద్ధతి మేలని, కష్టం వచ్చినప్పుడు మాత్రం దానికి వేరే కాగితాలు, వేరే సమయం కేటాయించాలని నేను అనుకుంటాను. నేను అలాగే చేశాను.

ఆ అవసరం నాకు 2020 ఫిబ్రవరిలో వచ్చింది. నాన్న పోయారు. పుస్తకంలో ఆ ముందురోజు అంకె ఉంది, తరువాత పంతొమ్మిది రోజులు ఏమీ లేదు. దుఃఖం ఒక్కటే దానికి కారణం కాదని తరువాత అర్థమైంది. ఉదయం ఆరు గంటలకు లేచేదాన్ని, కానీ చేయవలసిన పని లేదు. మెషీన్ అల్మరాలో ఉంది. రాత వేలాడే కొక్కెమే ఊడిపోయింది. రాత్రిపూట రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ పెన్ను పట్టుకునే నిద్రపోయాను. లాలీ అధ్యయనంలోనే తేలిన మరో సంగతి, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగిన నష్టం జరగదని. పంతొమ్మిది రోజుల సంగతి వారు చెప్పలేదు, కానీ సందర్భం మారితే అలవాటును కొత్త సందర్భానికి కట్టుకోవాలని ఆ రోజులలో నాకు తెలిసింది.

ఒక ఉదయం పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, సన్నని మంట చేసి, పొంగు వచ్చేదాకా ఊరికే నిలబడి ఉన్నాను. ప్రతి రోజూ అలా నిలబడతానని అప్పుడు గమనించాను. అర లీటరు పాలు సన్నని మంట మీద కాగడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో మరో గదిలోకి వెళ్లడానికి వీలులేదు. మర్నాడు పుస్తకాన్ని, దానికి దారంతో కట్టిన పెన్నును వంటింటి గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. అప్పటినుంచి ఈనాటిదాకా నా డైరీ పాలు కాగేలోపు రాసినదే. నిన్న జరిగినదాన్ని ఇవాళ ఉదయం రాస్తాను. రాత్రి నిద్ర మధ్యలో ఉండడం వల్ల అనవసరమైనవి జారిపోయి, నిలవవలసినవి నాలుగు మిగులుతాయి. పాలు పొంగగానే, వాక్యం సగంలో ఉన్నా, ఆపేస్తాను. సగంలో ఆగిన వాక్యం మర్నాడు నన్ను తనంతట తానే పిలుస్తుంది.

ఆ పంతొమ్మిది రోజులను నేను వెనక్కి వెళ్లి నింపలేదు. "రాయలేదు" అని ఒక గీత గీసి కింద కొత్త తేదీ వేశాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మిగిలిపోయిన రోజులన్నీ పూర్తి చేశాకే ముందుకు వెళ్లాలనుకునేవారు ముందుకు వెళ్లరు. బాకీ పెరిగే కొద్దీ పుస్తకం చూడడానికే భయం వేస్తుంది. పైగా గుర్తుతెచ్చుకుని రాసిన రోజు, జరిగిన రోజు కాదు.

పుస్తకం, పెన్ను ఎలాంటివన్నది పెద్ద విషయం కాదు. తేదీలు అచ్చువేసిన డైరీలకంటే గీతల పుస్తకం మంచిదని మాత్రం చెబుతాను, ఎందుకంటే దానిలో ఖాళీ పేజీలు మనల్ని నిలదీయవు. మధ్యలో కొన్నాళ్లు ఫోనులో రాశాను. ఫోను మార్చినప్పుడు ఆ రాత పోయింది, అందుకని మళ్లీ కాగితానికి వచ్చాను.

భాష సంగతి మాత్రం కొంత ఆగి చెప్పాలి. నా పాత డైరీలలో సగం ఇంగ్లీషులో ఉన్నాయి. చదువుకున్నవారు డైరీని ఇంగ్లీషులో రాసుకోవడం మన దగ్గర పాత సంగతే. వాడుకభాష కోసం అంతగా పోరాడిన గురజాడ అప్పారావు డైరీలు కూడా చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆయనకు ఆ భాష మీద ఉన్న పట్టు వేరు. నాకు మాత్రం ఇంగ్లీషులో రాసినప్పుడు మా ఇంట్లోవాళ్లు మాట్లాడినట్టు ఉండదు. "ఒళ్లు తూలుతోందమ్మాయ్" అని నాన్న అన్నదాన్ని నేను మరే భాషలోనూ రాయలేను. మనుషులు అన్న మాటలను అన్నట్టుగా రాస్తే డైరీకి సగం బలం అక్కడే వస్తుంది.

ఇది నా ఉద్యోగంలోనూ పనికి వచ్చింది. మేము పాఠశాలలో రాసే టీచింగ్ డైరీ ప్రధానోపాధ్యాయుల సంతకం కోసం రాసేది. అందులో పాఠం పేరు, పీరియడు, బోధనోపకరణాలు ఉంటాయి. పిల్లల సంగతులు నా వంటింటి పుస్తకంలో ఉంటాయి. రెండేళ్ల క్రితం ఒక ఆదివారం, గడచిన నెల పేజీలు తిరగేస్తుంటే ఎనిమిదో తరగతి పిల్లవాడి గురించి నాలుగు వాక్యాలు కనిపించాయి. నాలుగూ మంగళవారానివి. ఒకచోట తరగతిలో నిద్రపోయాడని, ఒకచోట చేతులకు ఉల్లిపాయల వాసన వస్తోందని, ఒకచోట నోట్సు రాయడానికి వేళ్లు నొప్పి అన్నాడని, నాలుగోచోట మళ్లీ నిద్రపోయాడని. హాజరుపట్టీ తీసి చూస్తే, ఆ నాలుగు వారాలూ సోమవారం రాలేదు. సోమవారం వాళ్ల ఊరి సంత. తండ్రికి నడుము పట్టేసి ఉల్లిపాయల మూటలు ఎత్తలేకపోతున్నాడని, ఆ పని పిల్లవాడు చేస్తున్నాడని వాళ్లింటికి వెళితే తెలిసింది. వాళ్ల మేనమామతో మాట్లాడాక, కొన్ని వారాలకు పిల్లవాడు సోమవారాలు కూడా బడికి రావడం మొదలుపెట్టాడు. హాజరుపట్టీలో ఆ గైర్హాజరీలు మొదటినుంచీ ఉన్నాయి, నేనే వేశాను. కానీ ఉల్లిపాయల వాసన హాజరుపట్టీలో ఉండదు.

అందుకే నెలకు ఒకసారైనా వెనక్కి తిరిగి చదవమని చెబుతాను. చదవని చిట్టా వల్ల కొట్టుకు లాభం లేదు. నేను నెల చివరి ఆదివారం ఆ నెలతో పాటు, పోయిన సంవత్సరం అదే నెల కూడా చదువుతాను. ఆవకాయకు ఏ కాయ తెచ్చామో, ఎన్ని కాయలకు ఎంత కారం పోశామో, తొలకరి ఏ తేదీన పడిందో, అమ్మ మోకాలి నొప్పి ఏ చలికి మొదలైందో అన్నీ అక్కడ దొరుకుతాయి.

అమ్మ ఎప్పుడూ ఏమీ రాసుకోలేదు. నాన్న ఉన్న రోజులలో ఆ పుస్తకాన్ని ఆసుపత్రి పుస్తకమని పిలిచేది, దాని మీద గరిట కూడా పెట్టనిచ్చేది కాదు. ఇప్పుడు ఉదయం నేను గట్టు దగ్గర నిలబడగానే తను కూడా వంటింటి గడప మీద కూర్చుని, కాఫీకి పొడి వేస్తూ, నిన్నటి సంగతులు ఒక్కొక్కటే తీస్తుంది. ఇవాళ పాలు పొంగడానికి వస్తుండగా, "కరివేపాకు చెట్టుకు మళ్లీ చిగురు వేసిందని రాశావా అమ్మాయ్? పురుగు పట్టి పోయిందనుకున్నాం కదా," అంది. పొయ్యి ఆపి, ఆ సంగతి కూడా రాశాను.